నాలుగోసారి కార్డు పెట్టినప్పుడు ఏటీఎం ముందుగా చెప్పాలి

సంపాదకులకు,

అయ్యా,

ఆరు నెలలుగా ముద్రించుకోని నా పాసుపుస్తకాన్ని పోయిన వారం బ్యాంకులోని యంత్రంలో పెట్టి చూసుకున్నాను. పింఛను జమ, కరెంటు బిల్లు, మందుల దుకాణం పద్దుల నడుమ రూ.27.14 అన్న అంకె ఏడుసార్లు కనిపించింది. పక్కన ఏటీఎం ఛార్జీలు అని పొడి అక్షరాలలో రాసి ఉంది. ఇంకొకచోట రూ.23.60 ఉంది. అన్నీ కలిపితే రూ.213.58. ఇంత చిన్న మొత్తానికి పత్రికకు ఉత్తరం రాస్తారా అని మా అబ్బాయి నవ్వాడు. ఖజానా శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పైసలతో సహా పద్దులు సరిచూసి రిటైరయినవాణ్ని కనుక, మొత్తం చిన్నదా పెద్దదా అన్నదానికంటే ఆ పద్దు ఎందుకు పడిందో తెలియకపోవడమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. తెలుసుకున్న తరువాత ఆ ఇబ్బంది ఇంకొంచెం పెరిగింది.

నా ఖాతా సూర్యాపేటలోని ఒక శాఖలో ఉంది. రిటైరయిన తరువాత ఉప్పల్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు ఐదుసార్లు ఉచితమని సూర్యాపేటలో ఉన్నప్పుడు విన్న మాటనే ఇక్కడా పట్టుకొని ఉన్నాను. కౌంటరులో ఉన్న అమ్మాయి నా పుస్తకం చూసి, "సార్, మీ ఖాతా సూర్యాపేటదే కానీ డబ్బు తీసింది హైదరాబాద్‌లో కదా, ఇక్కడ మూడుసార్లే" అని మర్యాదగానే చెప్పింది. లెక్క ఖాతా ఉన్న ఊరిని బట్టి కాక ఏటీఎం ఉన్న ఊరిని బట్టి నడుస్తుందని ఆ రోజు తెలిసింది. రిజర్వు బ్యాంకు 2014 ఆగస్టు 14న జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం ముంబై, న్యూఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ అనే ఆరు మెట్రో నగరాలలోని ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు మూడు లావాదేవీలు ఉచితం, మిగతా చోట్ల ఐదు. అది ఆ ఏడాది నవంబరు 1 నుంచి అమలులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఏ ఊరూ ఈ ఆరింటిలో లేదు కనుక విజయవాడ నుంచో విశాఖపట్నం నుంచో పిల్లల దగ్గరకు హైదరాబాద్ వచ్చి రెండు నెలలు ఉండే పెద్దవాళ్లందరూ నాలాగే పొరపడే అవకాశం ఉంది. సొంత బ్యాంకు ఏటీఎంలో మాత్రం ఎక్కడైనా కనీసం ఐదు ఉచితం.

ఉచితం దాటితే ఎంత అన్నది కూడా మెల్లగా పెరుగుతూ వచ్చింది. 2009 ఏప్రిల్ 1 నుంచి ఏ బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకున్నా రుసుము లేదని రిజర్వు బ్యాంకు ప్రకటించినప్పుడు మేమంతా సంబరపడ్డాము. ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు, ఆ ఏడాది అక్టోబరులోనే నెలకు ఐదు అన్న పరిమితి వచ్చింది. 2014లో గరిష్ఠ రుసుము రూ.20గా ఉండేది. అది 2022 జనవరి 1 నుంచి రూ.21, 2025 మే 1 నుంచి రూ.23 అయింది. పన్ను అదనం. రూ.23కు 18 శాతం జీఎస్టీ కలిపితే నా పుస్తకంలోని రూ.27.14 పైసాతో సహా సరిపోతుంది.

బ్యాంకుల వైపు న్యాయం లేదని నేననను. మనం ఇతర బ్యాంకు యంత్రంలో డబ్బు తీసిన ప్రతిసారీ మన బ్యాంకు ఆ యంత్రం పెట్టినవారికి రూ.19 చెల్లించాలి. డబ్బు తీయకుండా నిల్వ మాత్రమే చూసుకున్నా రూ.7 చెల్లించాలి. మొదటి మూడుసార్లు ఆ భారం బ్యాంకే మోస్తుంది. గదికి అద్దె, ఏసీకి కరెంటు, నోట్లు తెచ్చి నింపే బండి, దాని వెంట తుపాకీ పట్టుకున్న కాపలాదారు, వీటన్నింటికీ ఖర్చు ఉంటుంది. రుసుమే ఉండకూడదన్నది నా వాదన కాదు. రుసుము పడబోతున్నదని డబ్బు చేతికి రాకముందే ఖాతాదారుకు తెలియాలన్నది నా వాదన.

ఇది నేను కొత్తగా కోరుతున్నదేమీ కాదు. అదే 2014 సర్క్యులర్‌లో, నెలలో ఎన్ని ఉచిత లావాదేవీలు వాడుకున్నారో, ఇకపై రుసుము పడే అవకాశం ఉందో లేదో ఖాతాదారులను హెచ్చరించే ఏర్పాటు చేయాలని బ్యాంకులకు చెప్పారు. ఏటీఎం ఉన్న చోటు మెట్రో నగరం కిందికి వస్తుందో రాదో తెర మీద సందేశం ద్వారానో, స్టిక్కరు ద్వారానో, పోస్టరు ద్వారానో అక్కడే తెలియజేయాలని కూడా అందులో ఉంది. ఈ సంగతి తెలిశాక పనిగట్టుకొని మా ఇంటి చుట్టుపక్కల ఉన్న తొమ్మిది ఏటీఎం గదులలోకి వెళ్లి చూశాను. ఋణాల ప్రకటనలు ఉన్నాయి, పిన్ ఎవరికీ చెప్పవద్దన్న బొమ్మ ఉంది, ఒకచోట తాళాలు బాగుచేసేవాని ఫోన్ నంబరు కూడా అంటించి ఉంది. మెట్రో అన్న మాట మాత్రం ఒక్క గదిలోనూ నా కంటబడలేదు. తొమ్మిదిని చూసి రాష్ట్రమంతా ఇంతేనని తీర్పు చెప్పను. మీ పాఠకులు తమ వీధిలోని గదిలో ఒకసారి తలెత్తి గోడల వైపు చూడాలని మాత్రం కోరుతాను.

సాంకేతికంగా ఇది సాధ్యం కాదని ఎవరైనా అంటే ఒప్పుకోవడం కష్టం. ఇతర బ్యాంకు ఏటీఎంలో మనం కార్డు పెట్టి మొత్తం నొక్కగానే ఆ అభ్యర్థన, బ్యాంకుల ఏటీఎంలను ఒకదానితో ఒకటి కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ అనే వ్యవస్థ మీదుగా మన బ్యాంకుకు వెళుతుంది. మన బ్యాంకు పిన్ సరిచూసి, నిల్వ సరిచూసి, ఇవ్వవచ్చని జవాబు పంపిన తరువాతే పెట్టెలోని నోట్లు కదులుతాయి. ఆ స్విచ్‌ను నిర్మించినది మన హైదరాబాద్‌లోని మాసాబ్‌ట్యాంక్ దగ్గర ఉన్న, రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సాంకేతిక సంస్థే. 2004లో మొదలుపెట్టి, 2009 చివరలో దేశంలోని చెల్లింపుల వ్యవస్థలను నడిపే ఎన్‌పీసీఐకి అప్పగించింది. నిల్వ చాలదన్న సంగతి ఆ దారిలోనే రెండు క్షణాలలో చెప్పగలిగిన బ్యాంకుకు, ఇది నాలుగోసారి అన్న సంగతి చెప్పడానికి వేరే దారి వేయవలసిన అవసరం ఉండదు. "ఈ లావాదేవీకి రూ.27.14 రుసుము పడుతుంది, కొనసాగించాలా, వద్దా" అని తెలుగులో ఒక్క వాక్యం కనబడితే, అవసరమున్నవాడు అవును నొక్కుతాడు, లేనివాడు కార్డు తీసుకొని పక్క వీధిలోని సొంత బ్యాంకు ఏటీఎం దాకా నడుస్తాడు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి, అక్కడ యంత్రం పెట్టినవారు తీసుకునే రుసుమును తెర మీద చూపించి, ఒప్పుకుంటేనే డబ్బు ఇస్తారని చెప్పింది. ఆమె బ్యాంకు విడిగా వేసుకునే రుసుము ఉంటే అది ఆ తెర మీద రాదట. ఆ మేరకు అక్కడా లోపం ఉన్నా, అడిగి తీసుకోవడం, అడగకుండా తీసుకోవడం ఒకటి కావు.

తెర మార్చడానికి సమయం పడుతుందంటే, ఈ నెల నుంచే చేయగలిగినది మరొకటి ఉంది. డబ్బు తీసిన ప్రతిసారీ ఇంత తగ్గింది, ఇంత మిగిలింది అని ఫోనుకు సందేశం వస్తూనే ఉంది. ఆ సందేశం చివర "ఈ నెల ఇతర బ్యాంకు ఏటీఎంలో ఇది మూడవది, తరువాతి దానికి రుసుము ఉంటుంది" అని చేర్చితే చాలు.

రుసుము అందరికీ ఒకటే అయినా భారం ఒకటి కాదన్నది మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను చూస్తే తెలుస్తుంది. అతని జీతం ఖాతాలో పడుతుంది. చేతిలో ఉంటే ఖర్చయిపోతుందని, మొత్తం ఒకేసారి తీయకుండా రెండు వందలు, మూడు వందలు చొప్పున దగ్గరలోని పెట్రోలు బంకు పక్కన ఉన్న ఏటీఎంలో తీసుకుంటాడు. ఆ ఏటీఎం ఏ బ్యాంకుదీ కాదు, వైట్ లేబుల్ ఏటీఎం అని పిలిచే రకం. దానిలో తీసిన ప్రతిసారీ ఇతర బ్యాంకు లెక్కలోకే వస్తుందని అతనికి తెలియదు. పది వేలు తీసినవాడికి రూ.27.14 అంటే నూటికి ఇరవై ఏడు పైసలు. రెండు వందలు తీసినవాడికి నూటికి పదమూడున్నర రూపాయలు. మా ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ని కూడా కఠినుడనేవాళ్లం, అదీ నెలంతా డబ్బు వాడుకున్నందుకు. ఇక్కడ వాచ్‌మన్ తన డబ్బును తానే తీసుకుంటున్నాడు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించినప్పుడు అతను చాలాసేపు ఆ కాగితం వైపు చూసి, "అయితే సార్, ఆ డబ్బాలో చూసుకున్నదానికి కూడా పడుతుందా" అని అడిగాడు. పడుతుంది. ఇతర బ్యాంకు ఏటీఎంలో నిల్వ చూసుకోవడం, మినీ స్టేట్‌మెంటు తీసుకోవడం కూడా ఆ మూడింటిలోనే లెక్కకు వస్తాయి. మొదట నిల్వ చూసి, తరువాత డబ్బు తీసే జాగ్రత్తపరుడు ఒక్క రాకలో రెండు వాడుకున్నట్లు. నా ఏడు పద్దులలో ఎక్కువ భాగం ఈ జాగ్రత్త వల్ల వచ్చినవే.

సొంత బ్యాంకు ఏటీఎంలో నిల్వ చూసుకోవడం, చెక్కు పుస్తకం కోరడం, డబ్బు బదిలీ చేయడం వంటివి ఉచిత లెక్కలోకి రావని రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టులో స్పష్టం చేసింది. యంత్రం పాడైనా, అనుసంధానం తెగినా, నోట్లు లేకపోయినా, పిన్ తప్పు నొక్కినా, ఆ విఫల ప్రయత్నాలను కూడా లెక్కించకూడదని అదే ఉత్తర్వులో ఉంది. కానీ ఖాతాలో డబ్బు చాలక తిరస్కరణకు గురైతే అది ఖాతాదారు తప్పు కింద పోతుంది. ఇతర బ్యాంకు ఏటీఎంలో అలా జరిగితే విడిగా రుసుము వేసే బ్యాంకులున్నాయి. నా పుస్తకంలోని రూ.23.60 అదే. పింఛను పడిందనుకొని ఒకరోజు ముందు వెళ్లిన ఫలితం. నిల్వను ఫోనులోనో, బ్యాంకు ఇచ్చిన మిస్డ్‌కాల్ నంబరు ద్వారానో ముందే చూసుకొని బయలుదేరితే ఈ రెండు రకాల నష్టమూ తప్పుతుంది. ఉచిత లెక్క పింఛను రోజు నుంచి పింఛను రోజుకు కాక ఒకటో తేదీ నుంచి నెలాఖరుకు నడుస్తుంది. ఇరవై తొమ్మిదో తేదీన మూడూ అయిపోయి, అవసరం అంత తొందరది కాకపోతే రెండు రోజులు ఆగడమే లాభం. దుకాణంలో సరుకులకు డెబిట్ కార్డు గీకితే అది ఈ లెక్కలోకి రాదు. యూపీఐతో కోడ్ స్కాన్ చేసి ఏటీఎంలో డబ్బు తీసుకోవడం మాత్రం రావచ్చు, కార్డు పెట్టలేదు కదా అనుకోకూడదు. క్రెడిట్ కార్డుతో నగదు తీయడం అన్నింటికంటే నష్టం, ఎందుకంటే అక్కడ రుసుముతోపాటు తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఒకేసారి ఎక్కువ తీసుకుంటే సరిపోతుంది కదా అని చెప్పేవారు చాలామంది. నాలాంటివాడికి అది సరైన సలహాయే, నేను పాటించడం మొదలుపెట్టాను కూడా. కానీ నాలుగు వేలు అడిగితే ఎనిమిది ఐదు వందల నోట్లు వస్తాయి. కూరగాయల బండి దగ్గర, ఆటో దగ్గర వాటిని మార్చడమే ఒక పని. వంద, రెండు వందల నోట్లు ఇచ్చే ఏటీఎంల వాటాను 2025 సెప్టెంబరు 30 నాటికి 75 శాతానికి, 2026 మార్చి 31 నాటికి 90 శాతానికి పెంచాలని రిజర్వు బ్యాంకు ఆదేశించినా, మా వీధిలో చిల్లర నోట్లు వచ్చిన రోజు ఆ కబురు ఫోనులలో తిరుగుతుంది. మొత్తం నగదు ఇంట్లో పెట్టుకోవడానికి వాచ్‌మన్ గదికి సరైన గడియ కూడా లేదు. ఫోనులో చెల్లించవచ్చు కదా అనేవారికి నా సమాధానం ఒకటే: ఇంటి పనికి వచ్చే ఆవిడకు, పూజారి పళ్లెంలోకి, పెళ్లిలో చదివింపుల కవరులోకి, ఊరిలో కూలికి వచ్చినవారికి ఇప్పటికీ నోటే వెళుతోంది. ఫోనులో వచ్చే మోసాల వార్తలు మీ పత్రికలోనే చదివి, మాలాంటి పెద్దవాళ్లు మళ్లీ నోటు వైపుకు జరుగుతున్నారు కూడా.

అసలు ఇతర బ్యాంకు ఏటీఎంకు ఎందుకు వెళ్లవలసి వస్తోందన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. మా బ్యాంకుకు ఇంటి నుంచి పది నిమిషాల నడక దూరంలో ఏటీఎం ఉంది. నెల మొదటి వారంలో నేను వెళ్లిన రోజుల్లో సగం దినాలు దాని తలుపు మీద నోట్లు లేవన్న అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. పక్క గదిలోనే మరో బ్యాంకు ఏటీఎం చల్లగా పనిచేస్తూ ఉంటుంది. ఎండలో అంత దూరం నడిచి వచ్చిన మనిషి ఆ రెండో గదిలోకి వెళ్లక ఏం చేస్తాడు? అంటే నా బ్యాంకు తన యంత్రం నింపనందుకు నేను నా ఉచిత లావాదేవీని పోగొట్టుకుంటున్నాను, అవి అయిపోతే రుసుము కడుతున్నాను. నెలలో పది గంటలకు మించి నోట్లు లేకుండా ఉన్న ఏటీఎంకు రూ.10,000 జరిమానా వేసే పథకాన్ని రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి తెచ్చింది. మంచిదే, కానీ ఆ జరిమానా వల్ల తలుపు దగ్గర నిలబడిన మనిషికి ఒరిగేదేమీ లేదు. సొంత బ్యాంకు ఏటీఎంలో కార్డు పెట్టి, నోట్లు లేక విఫలమైనట్లు నమోదైన గంటలోపు ఇతర బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీస్తే, దానిని ఉచిత పరిమితిలో లెక్కించకూడదన్న ఒక్క నిబంధన తెస్తే ఈ అన్యాయం తొలగుతుంది. విఫల ప్రయత్నం జాడ బ్యాంకు దగ్గర ఎలాగూ ఉంటుంది. ఖాతాలో డబ్బు తగ్గి చేతికి నోటు రాకపోతే ఐదు రోజులలో తిరిగి వేయాలి, ఆలస్యమైతే రోజుకు రూ.100 ఇవ్వాలి అన్న నియమాన్ని ఆ జాడ ఆధారంగానే నడుపుతున్నారు కదా.

పల్లెలలో బ్యాంకు మిత్రలనే బ్యాంకు ప్రతినిధుల దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవడం ఏటీఎంకు మంచి ప్రత్యామ్నాయం. అయితే వెయ్యికి పది రూపాయలని చేతికి అడిగే చోట్లు ఉన్నాయని మా బంధువులు చెబుతుంటారు. బ్యాంకు తరఫున పనిచేసే ప్రతినిధి ఖాతాదారు నుంచి నేరుగా రుసుము తీసుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు కనుక, అడిగితే ఇవ్వనక్కరలేదు. ఈ మాట ముసలమ్మలకు ఎవరు చెబుతారన్నదే ప్రశ్న.

నా ఏడు పద్దుల విషయమై బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేయించుకున్న ప్రతి తెచ్చుకున్నాను. రుసుము వేయడం నిబంధనకు విరుద్ధమని అందులో రాయలేదు. వేయడానికి ముందు నన్ను ఏ విధంగా హెచ్చరించారో తెలపాలని మాత్రమే అడిగాను. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. 14448 నంబరుకు ఫోను చేస్తే ఆ వివరాలు చెబుతారు. ఈ ఉత్తరం రాసేనాటికి పదకొండు రోజులు అయ్యాయి. ఈలోగా పర్సులో ఒక చిన్న కాగితం పెట్టుకొని, ఇతర బ్యాంకు ఏటీఎంకు వెళ్లినప్పుడల్లా పెన్సిలుతో ఒక గీత గీస్తున్నాను. ఈ నెల రెండు గీతలు ఉన్నాయి. జవాబు వచ్చాక, మీరు అనుమతిస్తే, దానిని కూడా మీ పాఠకులకు తెలియజేస్తాను.

భవదీయుడు,
ఒక పింఛనుదారు,
ఉప్పల్, హైదరాబాద్